మూసిన ఇంట్లో పదకొండు యూనిట్లు

పోయినవాటి లెక్క ముందు రాస్తాను. కాలవ గట్టున మా వీధిలో కూల్చిన తలుపులు అరవై ఒకటి. వీధి కుళాయిలు నాలుగు. వాటిలో నీళ్ళు వచ్చేవి రెండు. బాదం చెట్టు ఒకటి. మనిషి వంగి తల లోపలికి పెట్టగలిగినంత గంగమ్మ గుడి ఒకటి, రేకుల చర్చి ఒకటి. ఇస్త్రీ బండి ఒకటి. దాన్ని తీసుకుపోవచ్చన్నారు గానీ కొత్త చోట లిఫ్టులో పట్టలేదు. గోడల లెక్క మాత్రం కొంచెం తిరకాసు. ఇంటికి రెండు పక్కగోడలనుకుంటే నూట ఇరవై రెండు ఉండాలి. కానీ మా ఇళ్ళు రెండు వరసల్లో ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి, ఇద్దరికీ కలిపి ఒకే గోడ. అలా చూస్తే అరవై మూడే. ఆ అరవై మూడింటిలో ఒకటి నాకూ మా కుడిపక్క ఇంటికీ మధ్యది. నేను చెప్పబోయేది ఆ గోడ దగ్గర మొదలైంది.

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. లెక్కలు నేర్చుకున్నది మాధవరం పాల డిపోలో. ట్రేకి ఇరవై నాలుగు ప్యాకెట్లు, బండికి ఇన్ని ట్రేలు, దారిలో చిరిగినవి ఇన్ని, తిరిగొచ్చినవి ఇన్ని. ఏళ్ళ తరబడి అదే పని చేసేసరికి ఏది చూసినా మనసులో కూడిక మొదలయ్యేది. వీధిలో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. "ఆయన్ని కుట్టే దోమలకు గూడా లెక్కుంటాది, అడిగి సూడు" అని ఒకరంటే, "మన లెక్కొద్దులే తల్లీ, వొళ్ళు తూస్తాడేమో" అని ఇంకొకరు. కరెంటు బిల్లు ఎక్కువొస్తే మాత్రం మీటరు అంకెలు రాసే కార్డు పట్టుకుని మా గడప దగ్గరికే వచ్చేవాళ్ళు.

డిపోలో నా పని తెల్లవారకముందే మొదలై పదికి ముగిసేది. పదకొండుకల్లా ఇంటికి వచ్చి, తిని, గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. గోడకు అవతల అదే సమయానికి పక్కింటాయన కూడా పడుకునేవాడు. తెల్లవారుజామున ఆఫీసు క్యాబు నడిపి, షోళింగనల్లూరు ఆఫీసులవాళ్ళను దింపి, ఆయనా పదకొండుకే వచ్చేవాడు. ఒకటిన్నరకు లేచి బడి వ్యాను తీసుకుని వెళ్ళేవాడు. ఆ రెండున్నర గంటలూ వాళ్ళ ఫ్యాను తిరిగేది. దానికి ఒక రెక్క వంగి ఉండేది కాబట్టి తిరిగినప్పుడల్లా టక్కుమనేది. ఆ చప్పుడు గోడలోంచి నా చెవికి వచ్చేది. మొదట్లో విసుగనిపించింది. తర్వాత అది లేకపోతే నిద్ర పట్టని స్థితికి వచ్చాను. అది ఆగిందంటే ఒకటిన్నర అయిందని గడియారం చూడకుండానే తెలిసేది.

ఒకరోజు ఒకటిన్నరకు ఫ్యాను ఆగలేదు. రెండయినా ఆగలేదు. లేచి వెళ్ళి తలుపు తట్టాను. గడియ వేయలేదు, తోస్తే తెరుచుకుంది. ఆయన ఎప్పుడూ పడుకున్నట్టే పక్కకు తిరిగి ఉన్నాడు. మోకాలు తాకితే తెలిసిపోయింది. ఆయన భార్య ఆసుపత్రిలో ఆయాగా పనిచేసేది, డ్యూటీలో ఉంది. నన్ను అన్నా అని పిలిచేది, నేను చెల్లెమ్మా అనేవాణ్ణి. ఫోన్ చేసి రమ్మన్నాను, సంగతి చెప్పలేదు. ఆమె వచ్చేదాకా ఆ ఫ్యాను ఆపడానికి నాకు చెయ్యి రాలేదు.

మూడో రోజున గంగమ్మ గుడి దగ్గర పంచాంగం చూసే పెద్దాయన వేళ్ళు మడిచి లెక్క చూశాడు.

"ధనిష్ఠలో పోయినాడమ్మా. ఇల్లు ఆరు నెలలు మూయాల."

చెడ్డ నక్షత్రంలో ప్రాణం పోతే ఆ చోటును కొన్నాళ్ళు మూసి ఉంచడం మా వాళ్ళలో ఉంది. తమిళం కలిసిన మా మాటలో దాన్ని అడప్పు అంటాం. మూయకపోతే వీధిలో ఇంకొందరిని తోడు తీసుకుపోతుందని భయం.

"ఉండేదే ఒక్క గది గదా సామీ. దాన్ని మూస్తే నేను యాడుండేది?" అని అడిగిందామె.

"మీ అక్క ఇల్లుండాది గదా, నాలుగు తలుపులవతల. ఆడ పండుకో. దీపం మాత్రం ఆరకూడదు."

తలుపు తీయకూడదంటే నూనె దీపాన్ని ఎవరు చూస్తారు? అందుకని ఆమె జీరో బల్బు వేసింది. ఫ్యాను స్విచ్చి ఆపేసింది. సామాను ఉన్నది ఉన్నట్టే వదిలి, తాళం వేసి, తాళంచెవి మంగళసూత్రం తీసేసిన పసుపుతాడుకే కట్టుకుని జాకెట్టులో దోపుకుంది. ఆమె అక్క మొగుడు కాలవ గట్టున సీమతుమ్మ కొమ్మ నరికి తెచ్చి తలుపుకు అడ్డంగా కట్టాడు. కంప కట్టిన ఇంటివైపు పిల్లలు కూడా చూడరు.

నెల తిరిగాక, మీటరు చూసే మనిషి వచ్చిపోయిన మర్నాడు, మధ్యాహ్నం నిద్ర బాగా పట్టింది. అంత హాయిగా ఎందుకు పట్టిందా అని సగం మెలకువలో ఆలోచిస్తుంటే తెలిసింది. గోడలోంచి టక్, టక్ అని వస్తోంది.

మా ఫ్యానే అనుకుని దాన్ని ఆపాను. చెమట పట్టింది గానీ చప్పుడు ఆగలేదు. గోడమీద అరచెయ్యి పెట్టాను. పైనెక్కడో చిన్న అదురు. బయటికి వెళ్ళి చూశాను. వీధంతా ఎండ. తాళం వేసినట్టే ఉంది. తుమ్మకొమ్మ ఎండి ఆకు రాల్చింది. తాళానికీ కొమ్మకూ మధ్య సాలెపురుగు గూడు కట్టుకుంది, ఒక్క పోగు తెగలేదు. తలుపు పక్కన మీటరులో ఎర్ర చుక్క మెరుస్తోంది. జీరో బల్బు ఒక్కటే అయితే ఆ చుక్క నిమిషానికొకసారి కూడా మెరవదు. అప్పుడు నిమిషానికి నాలుగైదుసార్లు మెరిసింది. నేను ఎండలో అలాగే నిలబడ్డాను. ఒకటిన్నరకు లోపల టక్కుమనడం నెమ్మదించి, నెమ్మదించి, ఆగింది. ఎర్ర చుక్క మళ్ళీ బద్ధకించింది.

మా ఆవిడకు చెబితే, "ఆ పక్క తిరక్కుండా ఈ పక్క తిరిగి పండుకో" అంది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం పూట పెరట్లో గిన్నెలు తోమడం మానేసి వీధి కుళాయి దగ్గరికి పోయేది.

రెండు నెలలకోసారి వచ్చే మీటరు మనిషి మళ్ళీ వచ్చాడు. కంపను చూసి కాస్త ఎడంగా నిలబడి, అంకె చదివి, కార్డు అక్క ఇంట్లో ఉంటే తెప్పించి రాశాడు. ముప్పై మూడు యూనిట్లు. వందలోపు ఉచితం కాబట్టి బిల్లు లేదు, ఎవరూ పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను. జీరో బల్బు అంటాం గానీ అది పదిహేను వాట్లు తింటుంది. రాత్రీ పగలూ వెలిగితే రెండు నెలలకు ఇరవై రెండు యూనిట్లకు కొంచెం తక్కువ. మిగిలేవి పదకొండు పైచిల్లర. ఆ పాత ఫ్యాను డెబ్బై అయిదు వాట్లది. పదకొండు యూనిట్లను దానితో భాగించి, రోజుల్లో పంచితే రోజుకు రెండున్నర గంటలు. నేను మూడుసార్లు వేసి చూశాను. ఆ తర్వాత రెండు నెలలకూ ముప్పై మూడే వచ్చింది.

చెల్లెమ్మకు చెప్పలేదు. చెప్పి ఏం చేయమంటాను?

ఇంటింటి గణన అడప్పు మూడో నెలలో జరిగింది. కాలవను వెడల్పు చేస్తారని, గట్టుమీద ఉన్నవాళ్ళందరికీ షోళింగనల్లూరు అవతల కట్టిన అపార్టుమెంట్లలో తలుపుకొక ఇల్లు ఇస్తారని చెప్పారు. ఒక పొద్దున అధికారి ఒకాయన ఇద్దరు మనుషులతో వచ్చి, ప్రతి తలుపూ తెరిపించి, ఆ ఇంటివాళ్ళను గడప ముందు నిలబెట్టి ఫోటో తీసి, తలుపు మీద పసుపు రంగుతో నెంబరు వేశాడు. నేను డిపోలో ఉన్నాను. ఆమె ఆసుపత్రిలో ఉంది. కంప కట్టిన తలుపు దగ్గర ఆయన ఆగి అడిగితే ఆమె సొంత అక్కే జవాబు చెప్పింది. ఆయన నెంబరు వేయకుండా తలుపు మీద అడ్డగీత గీసి ముందుకు పోయాడు.

సాయంత్రం ఆమె వచ్చి ఆ గీత చూసింది. అక్కాచెల్లెళ్ళ మాటలు మా ఇంట్లోకి వినబడ్డాయి.

"ఏందక్కా ఇది? నేనుండానని చెప్పలేదా?"

"ఆడ ఎవురైనా ఉండారా అని ఆ సారు ఇంటిని చూపించి అడిగినాడు. ఎవురూ లేరు సార్ అన్నా."

"ఎట్ట లేను? నేను చచ్చిపోయినానా?"

"అడప్పులో ఉండే ఇంటిని చూపించి లోపల మనుషులుండారని యెట్ట అనేదే? నోటితో అంటే పిలిచినట్టే గదా. ఎవురు పలుకుతారో నీకు తెలీదా?"

"నన్ను చూపించి చెప్పాల్సింది."

"నిన్ను చూపించి అడగలా. ఇంటిని చూపించి అడిగినాడు."

వీధిలో ఏ ఆడమనిషిని అడిగినా ఆ జవాబే చెప్పి ఉండేది. ఆ పొద్దున మా ఆవిడ అక్కడే నిలబడి ఉంది. ఆమె కూడా నోరు విప్పలేదు. ఆ ఆరు నెలల్లో వీధిలో ఇంకా రెండు చావులు జరిగాయి, ఇద్దరూ ముసలివాళ్ళే. ఒకరు అక్కకు అత్తగారు. అడప్పు సరిగ్గా పాటించినా ఇద్దరు పోయారంటే, పాటించకపోతే ఎంతమంది పోయేవాళ్ళో అని వీధి అనుకుంది.

ఆరు నెలలు నిండాక ఒక తెల్లవారి కంప తీశారు. తాళం తీసే సమయానికి నలుగురం ఉన్నాం, ఆమె, అక్క, అక్క మొగుడు, నేను. లోపల జీరో బల్బు ఎర్రగా వెలుగుతోంది. ఫ్యాను కదలడం లేదు, స్విచ్చి ఆపినట్టే ఉంది. గిన్నెల మీద, మంచం మీద, నేల మీద బూడిదలాంటి దుమ్ము. ఫ్యాను కింద మాత్రం లేదు. మంచానికి పక్కన నేలమీద చక్రం గీసినట్టు గుండ్రంగా, ఒక బార వెడల్పున నేల నున్నగా మెరుస్తోంది. దుమ్మంతా చక్రం అంచున గట్టులా చేరి ఉంది. అక్క దాన్ని చూసి గడప దగ్గరే ఆగిపోయింది. చెల్లెమ్మ లోపలికి పోయింది. బకెట్టులో గుడ్డ తడిపి, చక్రం బయటినుంచి తుడుచుకుంటూ వచ్చి, చివరికి చక్రం మీద ఒకసారి చెయ్యి ఆనించి, తర్వాత దాన్నీ తుడిచేసింది.

ఆమె మళ్ళీ ఆ ఇంట్లో ఉండసాగింది. ఆమె వచ్చిన రోజు నుంచి మధ్యాహ్నం చప్పుడు లేదు.

తర్వాత కేటాయింపు జాబితా వచ్చింది. అరవై తలుపులు. తర్వాత యంత్రాలు వచ్చాయి. వాటికి తలుపు మీద నెంబరుందా గీత ఉందా అన్న తేడా లేదు. సామాను లారీల్లో షోళింగనల్లూరు దాటి వచ్చాం. ఆమె అక్కతో కలిసి అక్కకు వచ్చిన ఇంట్లోకి చేరింది. అక్కా బావా, ముగ్గురు పిల్లలు, పెద్దకొడుకు భార్య, అందరికీ ఒక గది, ఒక వంటగూడు. ఏడో మనిషి వరండాలో చాప వేసుకునేది. వాన జల్లు కొడితే లేచి కూర్చునేది. కోడలు నీళ్ళోసుకుంది. బిడ్డ పుట్టేలోపల ఆమె ఇంకోచోటు చూసుకోవాలని ఎవరూ నోటితో అనలేదు, అందరికీ తెలుసు.

ఆఫీసుకు పెట్టుకున్న అర్జీకి వచ్చిన జవాబు ఒక్క వాక్యం. గణన నాటికి ఆ ఇంట్లో నివాసం లేదు. ఆసుపత్రిలో ఎవరో చెబితే ఆమె కోడంబాక్కం స్టేషను దగ్గర మేడమీద ఉండే ఒక లాయరమ్మ దగ్గరికి వెళ్ళింది. పక్కింటివాణ్ణి కాబట్టి సాక్షిగా నన్నూ రమ్మంది. లాయరమ్మ ముప్పై దాటని మనిషి. తమిళంలో మాట్లాడుతూ మధ్యమధ్య తెలుగులోకి వచ్చేది. వాళ్ళ అమ్మమ్మ తెలుగావిడట.

"గట్టు మీద ఇల్లు నీదని మనం కేసు వేయడం లేదు," అందామె. "అది పోరంబోకు, మనకు హక్కు లేదు. ఒకే వీధి, ఒకే గట్టు, ఒకే తీరుగా బతికిన అరవై ఒక్క మందిలో అరవై మందికి ఇచ్చి నీకు ఇవ్వకపోవడానికి కారణమేమిటని అడుగుతాం. సమానులను సమానంగా చూడమని రాజ్యాంగంలో పద్నాలుగో ఆర్టికల్ చెబుతుంది. తలదాచుకునే చోటు లేనిదే బతుకు లేదు, అది ఇరవై ఒకటి. ఈ మాటలతో నేరుగా హైకోర్టుకు పోవచ్చు, అది రెండు వందల ఇరవై ఆరు. వీధి తరఫున కాదు. నీ ఒక్కదాని తరఫున."

రాజ్యాంగంలో ఇన్ని అంకెలున్నాయని నాకు అప్పుడే తెలిసింది. బస్సులో తిరిగి వస్తూ వాటిని మనసులో పేర్చుకున్నాను. ఒక్క మనిషి కోసం ఇన్ని ఎందుకు పెట్టారా అనుకున్నాను.

రెండోసారి వెళ్ళినప్పుడు అడప్పు సంగతి చెప్పాం. లాయరమ్మ రాయడం ఆపింది.

"మా అమ్మమ్మ పోయినప్పుడు మేమూ మూశాం. వెనక గది. మిగతా మూడు గదుల్లో అందరం ఉన్నాం. మీరు ఇల్లు వదిలేశారని మమ్మల్ని ఎవరూ అనలేదు." కాసేపు కిటికీలోంచి రైలుపట్టాలవైపు చూసింది. "గదులున్నవాళ్ళు గది మూస్తారు. ఒక్క గది ఉన్నవాళ్ళు ఇల్లు మూస్తారు. ఆచారం ఒకటే. అదే రాస్తాను."

తర్వాత కరెంటు కార్డు అడిగింది. నివాసానికి అందరినీ అడిగే రుజువే అది. మూసిన నెలల ఎదుట ముప్పై మూడు, ముప్పై మూడు అని చూసి ఆమె ముఖం వెలిగింది.

"ఇంతకన్నా ఏం కావాలి? ఇల్లు వాడుకలో ఉంది. మధ్యాహ్నం పూట లోపలికి వెళ్ళి వస్తుండేదాన్నని రాద్దాం."

"నేను లోపలికి పోలేదమ్మా," అంది మా చెల్లెమ్మ.

"దీపం చూసుకోవడానికైనా?"

"పోలేదు. పోయినానని ప్రమాణం చేస్తే అడప్పు తప్పినట్టు. ఆ రెండు చావులూ నా నెత్తిమీదికొస్తాయి. మా అక్క నన్ను గడప ఎక్కనిస్తుందా?"

"మరి కరెంటు?"

"దీపం పెట్టినా. ఎర్రబల్బు."

లాయరమ్మ ఆ మాటే రాసింది. దీపానికి ఎంత అవుతుందో నేను ఆ గదిలో చెప్పలేదు. దిగి వస్తుంటే మెట్ల మీద ఆమె నన్ను ఆపింది.

"బల్బుకు ఎంతవుతాదన్నా?"

"ఇరవై రెండు."

"మిగతాది?"

చెప్పాను. గోడ, చప్పుడు, ఎర్ర చుక్క, రెండున్నర గంటలు, అన్నీ చెప్పాను. ఆమె మెట్టుమీద కూర్చుంది. భయపడుతుందనుకున్నాను. కొంగుతో ముఖం తుడుచుకుని, "నిద్ర పోయినాడులే, పాపం," అంది.

ప్రభుత్వం తరఫు జవాబు కొన్ని వారాలకు వచ్చింది. అందులో ఎవరో ఇంజినీరు లెక్క వేసి జత చేశాడు. నా లెక్కా వాళ్ళ లెక్కా ఒకటే. బల్బుకు ఇరవై రెండు పోగా పదకొండు యూనిట్లు ఎక్కువ ఉన్నాయి. కనుక దరఖాస్తుదారు ఇంటిని వేరొకరికి అద్దెకిచ్చి తాను అక్క ఇంట్లో ఉంది. అద్దెకిచ్చినవారికి కేటాయింపు వర్తించదు. మొదట ఎవరూ లేరన్నవాళ్ళు ఇప్పుడు ఎవరో ఉన్నారంటున్నారు.

వాదన జరిగిన రోజు హాల్లో వెనక వరసలో నిలబడ్డాం. ఎత్తయిన కప్పు నుంచి పొడుగాటి కడ్డీలకు ఫ్యాన్లు వేలాడుతున్నాయి. అవేవీ చప్పుడు చేయడం లేదు. లాయరమ్మ గదుల సంగతి చెప్పినప్పుడు జడ్జిగారు తలెత్తి విన్నారు. తర్వాత కాగితాలు తిప్పి ఒక్క ప్రశ్న అడిగారు. "అయితే లోపల ఎవరున్నారు?" లాయరమ్మ, "ఎవరూ లేరు," అంది. అటువైపు లాయరు, "మీటరు ఉన్నారంటోంది," అన్నాడు. ఎవరో చిన్నగా నవ్వారు. మా చెల్లెమ్మ నవ్వలేదు. నా మోచెయ్యి పట్టుకుంది.

తీర్పు ఆమెకు సగం అనుకూలం. చావు ఆచారం కోసం ఇల్లు మూయడం, దానంతట అదే, ఇల్లు వదిలేయడం కాదు. ఒక్క గది ఉన్నందుకు ఆమెను మిగతావారికన్నా తక్కువగా చూడకూడదు. అయితే ఆ ఎక్కువ యూనిట్లు ఎవరు వాడారన్నది విచారించి తేల్చాలి. పన్నెండు వారాల్లో నిర్ణయం చెప్పాలి. అంతవరకు ఒక ఇల్లు ఎవరికీ ఇవ్వకుండా ఉంచాలి.

విచారణకు ముందురోజు అక్క మా ఇంటికి వచ్చింది. చెల్లెలినీ పిలిపించింది.

"మా పెద్దోడు మధ్యాహ్నం ఆడ పండుకునేవాడని చెప్పెయ్యి. వాడికి అడప్పు గిడప్పు తెలీదు, కిటికీలో నించి దూరినాడని చెప్పు. అద్దె లేదు, ఏం లేదు, సొంత మనిషే. వాడొచ్చి సంతకం పెడతాడు. అయిపోతాది."

"మీ అత్త సావు వాడి మీద పడదా?"

"ఉద్యోగం లేనోడి మీద ఎన్ని పడినా ఒకటే," అంది అక్క. అని తనే నవ్వబోయి ఆపుకుంది. ఆ మాట చెప్పడానికి ఆమె ఎన్నిరోజులు తనతో తాను పోరాడిందో ముఖంలో కనబడింది. "ఆ రోజు నేనే గదా లేరన్నా. ఈ రోజు ఉండారని నేనే అంటున్నా. చెప్పుకో."

మా చెల్లెమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఆ రెండున్నర గంటలు ఆయనవి అక్కా. ఇంకొకరికి రాసిచ్చేస్తే ఆయన యాడికి పోతాడు?"

అక్క లేచింది. గుమ్మంలో ఆగి, "బిడ్డ పుట్టినాక గూడా వరండాలో ఉండు, నేనేం పొమ్మనను," అంది.

విచారణ ఒక చిన్న గదిలో. మధ్యవయసు అధికారి, మర్యాదగా మాట్లాడే మనిషి. ముందు నన్ను అడిగాడు. లోపలికి వెళ్ళేముందే ఆమెను అడిగాను, ఏం చెప్పమంటావని. "విన్నది చెప్పన్నా," అంది.

"గోడ పక్కనే ఉండేవారు గదా. ఆ ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

"మనుషులెవరూ లేరు సార్. తాళం ఉండేది, కంప ఉండేది. మధ్యాహ్నం పదకొండు నుంచి ఒకటిన్నర దాకా ఫ్యాను చప్పుడు వినిపించేది."

"ఎవరు వేసేవారు?"

"నాకు తెలియదు సార్."

ఆయన ఆమెవైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా. మీ బంధువులెవరైనా సరే. పేరు చెబితే రాసుకుంటాను, మీకు ఇబ్బంది లేదు."

పేరు కోసం ఆయన తలుపు తెరిచి పట్టుకున్నట్టే కూర్చున్నాడు. ఏ పేరైనా సరిపోయేది.

"మా ఇంటాయన సార్," అందామె.

"ఆయన అప్పటికి..."

"ఆమా సార్, పోయినాడు."

ఆయన పెన్ను కాగితం మీద ఆనించి ఉంచాడు. సిరా చుక్క పెద్దదయింది. "ఇంకోసారి ఆలోచించుకుని రండి," అన్నాడు. రెండోసారి వెళ్ళినప్పుడూ ఆమె అదే చెప్పింది. మూడోసారి పిలవలేదు. పన్నెండు వారాలు ఎప్పుడో దాటాయి. కోర్టు మాట వినలేదని మళ్ళీ కేసు వేయొచ్చని లాయరమ్మ అంటుంది, వేస్తానంటుంది. ఆఫీసులో అడిగితే ఫైలు ఉందంటారు, ఆ ఒక్క గడి నిండలేదంటారు. ఆయన ఆ పేరు రాయలేడు. రాయకపోతే మూయలేడు.

కోడలికి ఆడపిల్ల పుట్టింది. మా చెల్లెమ్మ ఇంకా వరండాలోనే చాప వేసుకుంటుంది. బిడ్డ ఏడిస్తే ముందు లేచేది ఆమే.

నేను డిపో మానేసి షోళింగనల్లూరులో ఒక ఆఫీసు బండ్ల స్టాండులో టోకెన్లు ఇస్తున్నాను. రెండో షిఫ్టు కాబట్టి మధ్యాహ్నం దాకా ఇంట్లోనే ఉంటాను. కోర్టు ఎవరికీ ఇవ్వొద్దన్న ఇల్లు మా అంతస్తులోనే ఉంది, మా ఇంటికి కుడిపక్క. ఎవరు అలా కేటాయించారో తెలియదు. వరస నెంబర్ల ప్రకారం వచ్చిందంటారు. తలుపుకు సీలు వేసి ఉంది. లోపల ఫ్యాను బిగించలేదు. మీటరు కూడా పెట్టలేదు; గోడలోంచి రెండు వైర్లు బయటికి వచ్చి, టేపు చుట్టి వేలాడుతున్నాయి.

పోయిన వేసవి నుంచి పదకొండయ్యేసరికి నాకు నిద్ర ముంచుకొస్తోంది. గోడవైపు తిరిగి పడుకుంటాను. మా ఆవిడ ఆ సమయానికి కిందికి దిగి అక్క వాళ్ళింటికి పోతుంది. ఒకటిన్నరకు నాకు మెలకువ వస్తుంది, ఏదో ఆగినట్టు. లేచి వరండాలోకి వెళ్ళి ఆ రెండు వైర్లను చూస్తాను. చూడటానికి ఎర్ర చుక్క లేదు, కూడటానికి యూనిట్లు లేవు.

ఒక మధ్యాహ్నం ఆమె బిడ్డను భుజాన వేసుకుని ఆ సీలు వేసిన తలుపు పక్కన నిలబడి ఉంది. చెవి గోడకు ఆనించి ఉంది. నన్ను చూసి చూపుడువేలు పెదవుల మీద పెట్టుకుంది. బిడ్డ నిద్రపోతోందనుకున్నాను. బిడ్డ కళ్ళు తెరిచే ఉన్నాయి.

కూల్చిన తలుపులు అరవై ఒకటి. ఇచ్చినవి అరవై. రావలసినది, ఈ రోజుకీ, ఒకటి.